కుండీలో మొక్క దాహంతో చావదు, మన ప్రేమతో చస్తుంది



ఈసారి వరి గురించి కాదు, కొబ్బరి గురించీ కాదు. కుండీలో పెంచే ఓ పూలమొక్క గురించి రాస్తున్నాను. "వీడికేమైందిరా, పొలం వదిలేసి పూలకుండీల మీద పడ్డాడు" అని నవ్వకండి. ఈ నెలలో మన చుట్టుపక్కల ముగ్గురు ఫోన్ చేసి ఒకటే అడిగేరు. "అడీనియం మొక్కలట, ఎడారి గులాబీలట. 100 మొక్కలకి 25,000 కట్టమంటున్నారు. ఏడాది పెంచితే ఒక్కోటి 600కి వాళ్ళే తిరిగి కొంటారట. నీళ్ళు అక్కర్లేదట, పనుండదట. కట్టమంటావా?"

ముగ్గురికీ ఫోన్లో చెప్పేను. నాలుగోవాడు అడక్కముందే అందరికీ ఒకసారి రాసేస్తే పోతుందని కూర్చున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. అడీనియం మంచి మొక్క. మన ఉప్పాడ గాలికి, మన ఎండకి బతుకుతుంది. నేను నాలుగేళ్ళుగా పెంచుతున్నాను. కానీ "నీళ్ళు అక్కర్లేని మొక్క, కూర్చోబెట్టి డబ్బులిచ్చే మొక్క" అని ఎవరైనా అంటే మాత్రం సగం మాటే చెప్తున్నాడని అర్థం. ఆ చెప్పని సగంలోనే మన డబ్బు పోతుంది. నాది పోయింది కాబట్టి చెప్తున్నాను.

నాకున్నది ఎకరం నలభై సెంట్లు. కొంత వరి, గట్ల మీదా ఇంటి వెనకా కొబ్బరి. 1996 నవంబరు తుఫాను మన కాకినాడ తీరం మీద విరుచుకుపడ్డప్పుడు మా నాన్నగారు పెంచిన కొబ్బరి చెట్లు సగం ఒక్క రాత్రిలో పోయాయి. మళ్ళీ వేసుకున్నాం. ఆ తర్వాత బోరు నీళ్ళు ఉప్పు తేలడం మొదలైంది. సముద్రం ఏడాదికేడాది దగ్గరకొస్తోందని మనలో ఎవరికీ చెప్పక్కర్లేదు కదా. ఇళ్ళు పోయినవాళ్ళు, రోడ్డు ఎన్నిసార్లు వేసినా కోతకి గురవడం చూసినవాళ్ళు మన మధ్యనే ఉన్నారు. అలాంటి చోట "నీళ్ళు తక్కువ తాగే మొక్క" అన్న మాట వినగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. నాకూ అలాగే పుట్టింది.

మొదటి మొక్క 2021లో మా ఆవిడ కొన్నది. బండి మీద మొక్కలు అమ్ముకుంటూ వచ్చిన అతని దగ్గర. కింద లావుగా కంద దుంపలాగా బొద్దు, పైన నాలుగు కొమ్మలు, ఎర్రటి పూలు. చూడ్డానికి ముద్దుగా ఉంది. మా ఆవిడ దాన్ని తులసికోట పక్కన పెట్టింది. తులసికి పొద్దున్నా సాయంత్రం చెంబుడు నీళ్ళు పోస్తుంది కదా, దీనికీ పోసింది. పది రోజులకి ఆకులు పచ్చబడ్డాయి. "ఏవండీ, నీళ్ళు చాలట్లేదేమో" అంది. నేనూ "పాపం ఎండకి మాడిపోతోంది, ఇంకో చెంబు పొయ్యి" అన్నాను. ముప్పై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషిని నేను! ఇంకో వారానికి మొక్క ఓ పక్కకి ఒరిగింది. దుంప పట్టుకుంటే వేలు లోపలికి దిగిపోయింది. కుళ్ళిన కంద వాసన. దాహంతో చచ్చిందనుకున్నాం గానీ, అది మునిగి చచ్చింది.

ఆ మరుసటి ఏడు నేనే తెగించి 60 చిన్న మొక్కలు తెచ్చేను. ఒక్కోటి 80 రూపాయలు. కుండీలు ఒక్కోటి 70. ఇసక, ఎరువు, ఆటో కిరాయి అన్నీ కలిపి 12,000 అయింది. మెరక మీద వరసగా పేర్చాను. వానాకాలం వెళ్ళేసరికి 41 కుళ్ళిపోయాయి. 19 మిగిలాయి. తడిసి మోపెడవడం అంటే ఏమిటో నాకు ఆ ఏడు రెండు రకాలుగానూ తెలిసింది.

మనకి ఎందుకిలా జరుగుతుందో చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచింది చెప్తాను. మనం గోదారోళ్ళం. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ మన తాతలు, తండ్రులు, మనం, అందరం నీళ్ళే సిరి అనుకుని పెరిగాం. తప్పేం లేదు, నిజమే కూడా. కాటన్ దొర విగ్రహానికి దణ్ణం పెట్టే జనం మనం. మా పిఠాపురం వైపు వాళ్ళకి గోదారి కాదు ఏలేరు నీళ్ళు, అయినా మనసు అదే. కాలవలో నీళ్ళు వస్తే పండగ, రాకపోతే దిగులు. అలాంటి చేతులకి మొక్క కనిపిస్తే నీళ్ళు పొయ్యడం ఒక్కటే ప్రేమ చూపించే పద్ధతి. ఆకు వాడితే నీళ్ళు, ఆకు పండితే నీళ్ళు, పువ్వు రాలితే నీళ్ళు. ఏ జబ్బుకైనా ఒకటే మందు.

కానీ ఈ మొక్క పుట్టిన చోటు వేరండి. మా మేనల్లుడు ఒమన్ దేశంలో సలాలాలో డ్రైవరుగా చేస్తున్నాడు. మన వైపు నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఇంటికొకరు ఉన్నారు కదా. ఒకసారి కొండల మీదకి వెళ్ళి ఫోటో పంపించేడు. "మావయ్యా, నువ్వు కుండీలో పెంచేది ఇక్కడ రాళ్ళల్లో చెట్టై నిలబడింది చూడు" అని. నిజమే. చుట్టూ మట్టి కనపడదు, ఎర్రటి ఎండలో రాళ్ళ మధ్య, ఆకు ఒక్కటి లేదు, ఒళ్ళంతా గులాబీ పూలు. యెమెన్, ఒమన్, అటు ఆఫ్రికాలో సోమాలియా, కెన్యా, టాంజానియా, ఇవీ దీని పుట్టిళ్ళు. అక్కడ వాన పడేది కొన్నాళ్ళే. పడ్డప్పుడు కడుపునిండా తాగుతుంది, ఆ లావుపాటి మొదట్లో దాచుకుంటుంది. మిగతా కాలం ఆ దాచుకున్నదే తింటూ కూర్చుంటుంది. మనం గాదెలో ధాన్యం పోసుకున్నట్టు. గాదె నిండుగా ఉన్నవాడి నోట్లో రోజుకి రెండుసార్లు బలవంతంగా అన్నం కుక్కితే ఏమవుతాడు?

ఇంకో సంగతి. మా తోడల్లుడి కూతురు లండన్‌లో ఉంటుంది. ఈ మొక్కల గోల విని తన కథ చెప్పింది. అక్కడ చలికాలంలో దుకాణాల్లో సైక్లమెన్ అని ఓ పూలమొక్క అమ్ముతారట. దానికీ కింద దుంపే. టర్కీ, సిరియా, లెబనాన్ కొండల మొక్క. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, వేసవి ఎండు కాలం. అందుకని అది చలికాలంలో పూసి, వేసవికి ఆకులన్నీ రాల్చేసి మట్టి కింద దుంపై నిద్రపోతుంది. ఈ పిల్ల మే నెలలో ఆకులు పండిపోతుంటే చచ్చిపోతోందని నీళ్ళ మీద నీళ్ళు పోసిందట. దుంప కుళ్ళింది, చెత్తబుట్టలో పడేసింది. ఆ జాతిలోనే లిబియా కొండల్లో పుట్టిన రకం ఒకటుందట. మంచు తగిలితే తట్టుకోలేదు, వేసవిలో వేడికి దుంప పొడిగా ఎండి ఉంటే గానీ సరిగ్గా పుయ్యదు. తాగించిన వాడికి కాదు, ఎండబెట్టిన వాడికి పూస్తుందన్నమాట! ఎక్కడి లిబియా, ఎక్కడి ఉప్పాడ? కానీ పాఠం ఒకటే. ఇలాంటి మొక్కలకి ఒక నిద్రకాలం ఉంటుంది. నిద్రపోయే మనిషి మొహాన నీళ్ళు కొట్టకూడదు. (ఎవరైనా మన ఎండలకి సైక్లమెన్ దుంపలు అమ్మడానికొస్తే మాత్రం కొనకండి. దానికి చల్లదనం కావాలి. మన తీరంలో ఆ పూలు టీవీలో చూసుకోవడమే.)

ఇందులో వింతేమీ లేదు. మనకి వరిలో తెలిసిందే ఇది. పిలకలు వేసే టైములో మడి ఒకసారి ఆరగడితే వేరు గట్టిపడుతుందని మా నాన్నగారు ఏ పుస్తకం చదవకుండానే చెప్పేవారు. తర్వాత మడగాస్కర్ నుంచి వచ్చిందని శ్రీ వరి గురించి మనకి చెప్పినప్పుడూ అందులో సగం మాట ఇదే, మడిలో ఎప్పుడూ నీళ్ళు నిలబెట్టకు, తడుపు ఆరుపు చెయ్యి అని. మనలో ఎంతమంది చేశాం? కాలవలో నీళ్ళు పోతుంటే తూము మూసి ఊరుకునే మనసు మనకి లేదు. పక్కవాడి చేను నిండుగా ఉంటే మనది ఆరి ఉండటం నామోషీ.

సరే, ఇప్పుడు నేను ఎలా పెంచుతున్నానో చెప్తాను. ఇది పండితుడి మాట కాదు, 41 మొక్కలు చంపి నేర్చుకున్న మాట.

మట్టి: మన పొలం మట్టి వద్దు. బంకమట్టి అసలే వద్దు. నర్సరీల నుంచి వచ్చే మొక్కకి చాలాసార్లు వేళ్ళ చుట్టూ లంకమట్టి ముద్ద ఉంటుంది, దూరం పోవడానికి అది మంచిదే. కానీ ఇంటికి తెచ్చాక ఆ ముద్ద మెల్లగా విడగొట్టి తీసెయ్యాలి. లేకపోతే వానాకాలంలో ఆ ముద్దే దాన్ని చంపుతుంది. నేను ముతక గోదారి ఇసక రెండు పాళ్ళు, కాల్చిన ఊక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, గుప్పెడు ఇటిక ముక్కలు కలుపుతాను. ఇసక ఊరికే ఉంది కదా అని మన సముద్రపు ఒడ్డు ఇసక తేకండి. ఉప్పు.

కుండీ: లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. మట్టి కుండీ అయితే మేలు, చెమ్మ పీల్చుకుంటుంది. అడుగున చిల్లు ఒకటి కాదు, మూడు నాలుగు ఉండాలి. కుండీని నేల మీద ఆనించి పెట్టకుండా రెండు ఇటికల మీద పెట్టండి.

నీళ్ళు: ఇక్కడే అసలు సంగతి. కరువుకి ఓర్చుకుంటుంది అంటే నీళ్ళు అక్కర్లేదని కాదు. మార్చి నుంచి మే దాకా అది పెరిగే కాలం, ఆ ఎండల్లో రెండు రోజులకోసారి నిండుగా పోస్తాను, అడుగు చిల్లులోంచి కారేదాకా. మళ్ళీ పైమట్టి రెండు వేళ్ళ లోతు పొడిబారే వరకూ ముట్టుకోను. వానలు మొదలయ్యాక చెంబు తీసి అటక మీద పెట్టేస్తాను. పైన ప్లాస్టిక్ షీటు కప్పిన పందిరి కిందకి చేరుస్తాను. చుట్టూ గాలి ఆడాలి, నెత్తి మీద వాన పడకూడదు. ముసురు పట్టిన రోజుల్లో పదిరోజులైనా నీళ్ళు పొయ్యను. డిసెంబరు, జనవరిలో కొన్నిటికి ఆకులు రాలతాయి. భయపడకండి. అది నిద్ర. పది, పదిహేను రోజులకోసారి కాసిని.

అనుమానం వస్తే రెండు పరీక్షలు. కుండీ ఎత్తి చూడండి, తేలిగ్గా ఉంటే దాహం, బరువుగా ఉంటే ఊరుకోండి. తర్వాత బొటనవేలితో దుంప నొక్కండి. రాయిలా గట్టిగా ఉంటే క్షేమం. కొంచెం ముడతలు పడి మెత్తబడి ఉండి, మట్టి కూడా పొడిగా ఉంటే దాహం, పోస్తే మూడు రోజుల్లో తేరుకుంటుంది. మట్టి తడిగా ఉండి దుంప మెత్తగా ఉంటే కుళ్ళు. అప్పుడు నీళ్ళు పోస్తే చావే.

కుళ్ళు మొదట్లో కనిపెడితే బతికించొచ్చు. పీకేసి కడిగి, శుభ్రమైన కత్తితో కుళ్ళిన భాగం అంతా, తెల్లటి గట్టి కండ కనపడేదాకా కోసెయ్యాలి. కోసినచోట కాపర్ ఆక్సీ క్లోరైడ్ పొడి అద్ది, నీడలో వారం పది రోజులు వేలాడదీసి ఆరబెట్టాలి. గాయం ఎండి పొక్కు కట్టాక పొడి ఇసకలో నాటాలి. నాటాక కూడా వారం దాకా నీళ్ళు పొయ్యకూడదు. వారం రోజులు మట్టి లేకుండా, నీళ్ళు లేకుండా వేలాడిన మొక్క మళ్ళీ చిగురేస్తుంటే చూశాక నాకు నీళ్ళ మీద మోజు సగం తగ్గింది.

ఉప్పు: మా బోరు నీళ్ళు పోస్తే కుండీ అంచున తెల్లటి పొక్కు కట్టింది, ఆకు కొసలు మాడాయి. ఇప్పుడు చూరు నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి మూతపెట్టి, దోమలు పట్టకుండా చూసుకుంటూ ఈ కుండీలకే వాడతాను. తక్కువ తాగే మొక్క కాబట్టి రెండు డ్రమ్ములతో చాలా రోజులు గడుస్తుంది. మన ఊరికి ఈ మొక్క పనికొస్తుందని నేననేది ఇందుకే.

ఇంకో ముఖ్యమైన మాట, పిల్లలున్న ఇళ్ళవాళ్ళు వినండి. ఇది గన్నేరు జాతి. కొమ్మ విరిస్తే పాలు కారతాయి, ఆ పాలు విషం. ఆఫ్రికాలో వేటగాళ్ళు బాణాల మొనకి పూసేవారు. కోసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి, కంట్లో పడకుండా చూసుకోండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. మేకల్ని దగ్గరకి రానివ్వకండి. పిండినల్లి, ఎర్రనల్లి వస్తాయి, వేపనూనె కొడితే మొదట్లో పోతాయి. గన్నేరు ఆకు తినే లావుపాటి ఆకుపచ్చ పురుగు దీన్నీ తింటుంది, రాత్రికి రాత్రే కొమ్మలు మోడు చేస్తుంది. చేత్తో ఏరెయ్యడమే.

ఇప్పుడు డబ్బు సంగతి. దీని కోసమే కదా ఇంత చదివేరు.

మిగిలిన 19 మొక్కల్లో రెండిటికి కాయలు కాశాయి. కొమ్ముల్లా జంటగా వస్తాయి. పండి పగిలితే గింజలకి రెండు చివరలా దూది ఉంటుంది, గాలికి ఎగిరిపోతాయి. అందుకని ముందే దారం చుట్టి ఉంచాను. తాజా గింజ వారంలోపు మొలుస్తుంది. 110 మొక్కలు పెరిగాయి. గింజ మొక్క తల్లి రంగే పుయ్యాలని లేదు. ముద్దపూలు, కోరిన రంగు కావాలంటే అంటు కట్టాలి. అది నేనింకా నేర్చుకుంటున్నాను. కిందటేడు 34 మొక్కలు అమ్మేను, ఒక్కోటి 150. మొత్తం 5,100 రూపాయలు. అంటే నెలకి 425. ఇదీ నా అడీనియం సామ్రాజ్యం! కరెంటు బిల్లుకి చాలుతుంది. దీన్ని నమ్ముకుని పొలం వదిలేస్తే పస్తే.

ఆ 34 కూడా ఎవరు కొన్నారు? మన జాందానీ చీరల కోసం వచ్చినవాళ్ళు. ఊళ్ళో చీరల కొట్టు పెట్టుకున్న తెలిసినాయన గుమ్మంలో 12 కుండీలు పెట్టుకోనిచ్చేరు. కార్లలో వచ్చిన ఆడవాళ్ళు చీర కొని, వెళ్తూ వెళ్తూ ఓ మొక్క పట్టుకెళ్తారు. ప్రతి ఒక్కరికీ మా ఆవిడ ఒకటే మాట చెప్పి పంపిస్తుంది, "అమ్మా, రోజూ నీళ్ళు పొయ్యకండి." ఆ మాట చెప్పడం మొదలెట్టాక "మీ మొక్క చచ్చిపోయింది" అని వచ్చినవాళ్ళు లేరు.

ఇప్పుడు ఆ 25,000 లెక్క చూడండి. 100 మొక్కలు 25,000 అంటే ఒక్కోటి 250. నేను పెంచిన రెండేళ్ళ మొక్కకే ఇక్కడ 150 కన్నా రావట్లేదు. వాళ్ళిచ్చేది అంతకన్నా చిన్న గింజ మొక్క. ఏడాది తర్వాత 600కి కొంటారట. మనకి డెబ్బై ఎనభై కిలోమీటర్ల దూరంలో కడియం ఉంది, కడియపులంక ఉంది, బుర్రిలంక ఉంది. పల్లా వెంకన్న గారిలాంటి వాళ్ళు ఒక తరం కష్టపడి దేశమంతా మొక్కలు పంపే ఊళ్ళుగా నిలబెట్టారు వాటిని. వరసలు వరసలు అడీనియం ఉంటుంది అక్కడ. అది వదిలేసి, మన దగ్గరకొచ్చి 600 పెట్టి కొనే వెర్రివాడెవడు? లాభం అంత ఖాయమైతే తన మొక్కలు తనే పెంచుకోడా, మనకెందుకు పంచిపెడతాడు?

మా బావ వరస అయ్యే ఒకాయన ఇలాంటి దానికే కిందటేడు 50,000 కట్టి 200 మొక్కలు పెట్టుకున్నాడు. "బావా, పందిరెయ్యి" అన్నాను. "ఎడారి మొక్క, ఏమీ కాదన్నారు" అన్నాడు. మన తీరానికి తుఫాన్లు వస్తాయి కదండీ. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను దాటినప్పుడు మన ఉప్పాడ ఒడ్డున సముద్రం ఎలా ఎగిరిందో అందరం చూశాం. ఆ రోజు పొద్దున్నే నేనూ మా ఆవిడా కుండీలన్నీ మోసి హాల్లో, వంటింట్లో, మంచం కింద కూడా పెట్టేం. "ఏవండీ, మనమెక్కడ పడుకోవాలి?" అంది. "నిద్రెవరికి పడుతుందే" అన్నాను. నా మొక్కలు నాలుగు తప్ప అన్నీ దక్కాయి. బావవి 200 కుండీలు వానలోనే ఉన్నాయి. పదిహేను రోజుల్లో 130 దాకా మెత్తబడిపోయాయి. మొక్కలిచ్చిన మనిషికి ఫోన్ చేస్తే "కుళ్ళినవి మీ నిర్లక్ష్యం, కాగితంలో రాసే ఉంది" అన్నాడట. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. బావ అప్పటినుంచి నలుగురిలోకి రావడం తగ్గించాడు. పోయిన డబ్బు కన్నా, "నలుగురూ నవ్వుతారు" అన్నదే ఆయన్ని తినేస్తోంది. ఆయన్ని అడిగి, సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

అందుకని కట్టేముందు ఈ నాలుగూ అడగండి. ఒకటి, ఇవి గింజ మొక్కలా, అంటు మొక్కలా? రెండు, కుళ్ళిపోతే నష్టం ఎవరిది? మూడు, తిరిగి కొనే ధర, మొక్క ఎంత లావుండాలి, ఎప్పుడు తీసుకెళ్తారు, కిరాయి ఎవరిది, ఇవన్నీ కాగితం మీద సంతకంతో ఉన్నాయా? నాలుగు, ఇంతకు ముందు ఎవరి దగ్గర కొన్నారు, ఆ రైతు ఊరేది, మనం వెళ్ళి కలవొచ్చా? నాలుగో ప్రశ్నకే చాలామంది లేచి వెళ్ళిపోతారు, చూడండి.

"అయితే పెంచొద్దంటావా?" అంటే, వద్దనట్లేదు. పది కుండీలతో మొదలెట్టండి. ఒక వానాకాలం, ఒక చలికాలం దాటించండి. పదిలో ఎనిమిది బతికితే మీ చెయ్యి కుదిరినట్టు, అప్పుడు పెంచుకోండి. మూడు బతికితే మీ నష్టం రెండు వేలలోపే, 50,000 కాదు. ఇష్టమున్న కుర్రాళ్ళుంటే కడియం వెళ్ళి అంటు కట్టడం నేర్చుకోండి. ఆ చేతిపనికే ధర, దుంపకి కాదు. మన రైతు సేవా కేంద్రాల్లో వరి, ఎరువుల మాటే కాకుండా, తీరం పక్కన ఉప్పు నీళ్ళున్న ఊళ్ళకి ఇలాంటి చిన్న పెంపకాల మీద ఒక పూట చెప్పించాలని నా కోరిక. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది మనకి. నలుగురం కలిసి అడిగితే ఎవరో ఒకరు వస్తారు. అడగనిదే అమ్మైనా పెట్టదు.

"పూలు తింటామా?" అని మొన్న ఒక పెద్దాయన అడిగేరు. తినమండి. నేనూ వరి మానలేదు. కానీ ఈ మొక్క నాకొకటి నేర్పింది. మన బోర్లు ఉప్పు తేలుతున్నాయి, సముద్రం జరుగుతోంది, వాన ఒకేసారి పడిపోతోంది. రేపు మనం ఏ పంట వేసినా, ఉన్న మంచినీళ్ళు ఎప్పుడు పెట్టాలో ఎంత తెలియాలో, ఎప్పుడు ఆపాలో అంతా తెలియాలి. పెట్టడం మన తాతలు నేర్పారు. ఆపడం మనమే నేర్చుకోవాలి. ఒక కుండీ చచ్చి నేర్పితే 80 రూపాయలతో పోతుంది. అదే పాఠం చేను నేర్పితే తట్టుకోలేం.

మొన్న సంక్రాంతికి ఆకులన్నీ రాలి మోడులా ఉన్న కుండీ దగ్గర మా ఆవిడ చెంబుతో నిలబడింది. నేను చూస్తున్నాను, ఏమీ అనలేదు. దుంప ఒకసారి నొక్కి చూసింది. నీళ్ళు తీసుకెళ్ళి తులసికి పోసేసింది. నిన్న ఆ మోడుకి మూడు మొగ్గలు కనిపించాయి.

మీలో ఎవరైనా ఇలాంటి వాటిలో డబ్బు పెట్టి పోగొట్టుకుని ఉంటే సిగ్గుపడకుండా కింద రాయండి. పేరు చెప్పక్కర్లేదు, ఊరు చెప్పక్కర్లేదు. మనం దాచుకున్న నష్టమే ఇంకొకడికి గొయ్యి అవుతుంది. కట్టడానికి సిద్ధంగా ఉన్న తెలిసినవాళ్ళుంటే ఈ పోస్టు వాళ్ళకి చదివి వినిపించండి. మొక్క గురించి అడగాలనుకుంటే ఇంటికే రండి. టీ ఇస్తాం, మొక్కా చూపిస్తాం. నీళ్ళు మాత్రం మేం చెప్పినప్పుడే పోద్దురు గాని.

ఉంటానండి. అందరూ చల్లగా ఉండాలి.